అట్ట చిరిగిన తొమ్మిదో పుస్తకం

పోయిన నెల పోస్టులో నాకొక పుస్తకం వచ్చింది. పంపినాయన నా కథలు చదివే మనిషి, నల్లగొండ దగ్గర ఏదో ఊరు. చిన్నప్పుడు చదివిన ఒక మాయాకోట కథల వరుస గురించి ఎప్పుడో ఒక పత్రికలో రాశాను. దాని పేరు తెలియదనీ, రాసినవారెవరో తెలియదనీ, ప్రతి పేజీ నెత్తిన చిన్న తాళంచెవి బొమ్మ, పక్కన భాగం అంకె ఉండేవని మాత్రం గుర్తనీ చెప్పుకున్నాను. ఆయన ఆ ముక్క గుర్తుపెట్టుకుని, తన అటక మీద దొరికిన తొమ్మిదో భాగాన్ని పాత గుడ్డలో చుట్టి పంపాడు. విప్పి చూస్తే దానికి అట్ట ఉంది. ఎర్రటి అట్ట, మీద నల్లటి కోట, కింద పేరు: 'అంజనగిరి తాళాలు'. అరవై రెండేళ్ళు వచ్చాక నాకు ఆ పేరు తెలిసింది. సంతోషపడాలి కదా, ఒళ్ళు మండింది. ఈ అట్టా, దీన్ని అంటిపెట్టుకుని ఉన్న చివరి రెండు కాగితాలూ ఆ రోజు మా ఇంటికి వచ్చి ఉంటే నా తమ్ముడు మల్లేశం ఇవాళ ఇట్లా ఉండేవాడు కాదనిపించింది. అది నిజమో కాదో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మ పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక కాగితాల మిల్లులో చిత్తుకాగితాలు ఏరే పని చేసేది. ఇప్పుడు అక్కడ ఆన్‌లైన్ పార్సిళ్ళ గోడౌను ఉంది. హైదరాబాదు నుంచి లారీల్లో వచ్చిన బస్తాలను షెడ్డులో కుమ్మరిస్తే, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని తెల్లకాగితం ఒక కుప్ప, వార్తాపత్రికలు ఒక కుప్ప, అట్టలు ఒక కుప్ప చేయాలి. పుస్తకం చేతికి వస్తే మొదటి పని దాని అట్ట పీకడం. నున్నటి అట్ట గుజ్జులో సరిగా కరగదు, కాగితం మీద మచ్చలు పడతాయి. అమ్మ ఎడమచేత్తో పుస్తకాన్ని నడుం దగ్గర పట్టుకుని కుడిచేత్తో ఒక్క గుంజు గుంజేది. అట్టతో పాటు బంక అంటిన మొదటి పేరు కాగితమూ, చివరి కాగితాలు ఒకటో రెండో ఊడి వచ్చేవి. వాటిని విడదీసే తీరిక ఎవరికుంది? అవి అట్టల కుప్పలో పడేవి, ఆ కుప్ప ఇంకో లారీలో ఇంకెక్కడికో పోయేది.

అమ్మకు చదువు రాదు. తాళంచెవి బొమ్మ ముచ్చటగా ఉందని మొదటి పుస్తకం తెచ్చింది. నేను దాన్ని పట్టుకుని నీళ్ళు తోడడం మరిచిపోయిన రోజు నుంచీ కుప్పల్లో ఆ బొమ్మ కోసమే వెతకడం మొదలుపెట్టింది. గేటు దగ్గర తనిఖీ ఉండేది కాబట్టి సద్దిగిన్నె కింద మడతపెట్టి, గుడ్డతో మూటకట్టి తెచ్చేది. అందుకే మా పుస్తకాలకు చింతపండు పులుసు వాసన, మిల్లు గుజ్జు పులిసిన వాసన కలిసి ఉండేవి. ఎవరో ప్రచురణకర్త అమ్ముడుపోని పుస్తకాలు తూకానికి వేశాడని ఇప్పుడు అర్థమవుతోంది గానీ, అప్పుడు మాకు అవి ఆకాశం నుంచి రాలుతున్నట్టే ఉండేది. వరుస లేదు, పాడు లేదు. మొదట మూడోది వచ్చింది, తరువాత ఒకటోది, ఆ తరువాత ఆరోది. ఐదో భాగమైతే నాలుగుసార్లు వచ్చింది. నాలుగింటికీ చివర లేదు!

"అమ్మా, ఆ ఎనుకటి కాగితాలు గుంజకే. గా రెండు కాగితాల్నే అసలు ముచ్చట ఉంటది" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు.

"చెయ్యి ముందుగాల పోతది బిడ్డా, కన్ను ఎనుక పోతది. బొమ్మ కనవడేసరికి అట్ట ఊడొస్తది. నేనేం జెయ్యాలె?" అనేది అమ్మ. వెనకాల సూపర్‌వైజరు నిలబడి ఉంటే చేయి ఆపడం ఎట్లాగో నాకేం తెలుసు? కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆ కోపం తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పొద్దుగూకే వేళ మా ఇల్లంతా ఆ పుస్తకాల చుట్టే తిరిగేది. అమ్మ మిల్లు నుంచి వచ్చి వాకిట్లో కూర్చుని తల దులుపుకునేది. వెంట్రుకల్లోంచి తెల్లటి కాగితపు దుమ్ము రాలేది. నాయిన పటేలు పొలంలో పని ముగించుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకు ఆనుకుని బీడీ ముట్టించేవాడు. నేను పొయ్యి ముందు కూర్చుని, ఒక చేత్తో కట్టెలు ఎగదోస్తూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని పైకి చదివేదాన్ని. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడైన మల్లేశం గడప మీద కూర్చునేవాడు. ఎవరైనా లోపలికి రావాలంటే వాడిని దాటాలి. వాడు ఊరికే కూర్చోలేదు, కాపలా ఉన్నాడు. కథలో సోముడనే పన్నెండేళ్ళ పిల్లవాడు అంజనగిరి కోట తలుపు దగ్గర కాపలా ఉంటాడు. యుద్ధానికి పోతూ రాజు వాడి చేతిలో తాళంచెవి పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా ఈ తలుపు విడిచి పోకు అని చెప్పిపోతాడు. పొగతో చేసిన ఎలుగుబంటి వచ్చి భయపెడుతుంది, ఈకలున్న పాము వచ్చి ఆశపెడుతుంది, సొంత తల్లి గొంతుతో గాలి వచ్చి పిలుస్తుంది. వాడు కదలడు. నాయిన ప్రతిరోజూ ఒక్కటే అడిగేవాడు: "ఇంతకు ఆ తలుపు లోపల ఏమున్నదే?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

చివరి పేజీలు లేవు కాబట్టి ప్రతి భాగానికీ ముగింపు నేనే అల్లేదాన్ని. పేజీ అయిపోయినా ఆగకుండా, కళ్ళు కాగితం మీదే ఉంచి, అదే గొంతుతో చెప్పుకుంటూ పోయేదాన్ని. ఎక్కడ పుస్తకం ఆగిందో ఎక్కడ నేను మొదలయ్యానో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. తరువాతి భాగం దొరికినప్పుడు నా ముగింపు తప్పని తేలితే, మధ్యలో సోముడికి కల వచ్చిందని సర్దేదాన్ని. మల్లేశం అన్నీ నమ్మేవాడు. ఆ నమ్మే ముఖం చూడాలని ఇంకా అల్లేదాన్ని.

తొమ్మిదోది, ఆఖరిది, నేను పదో తరగతిలో ఉండగా వచ్చింది. అది చదివిన మూడు రోజులు మా ఇంట్లో కూర మాడిపోయింది. కొండ కింద గంట మోగింది, సోముడు లేచి నిలబడ్డాడు, ఎవరో మెట్లెక్కి పైకి వస్తున్నారు, అన్న దగ్గర కాగితం చిరిగిపోయింది. తరువాత ఇంకో భాగం లేదు, సర్దుకోవడానికి దారి లేదు. ఆ ఒక్కసారి నాకు నోరు రాలేదు. "ఇగ అయిపోయింది, చిరిగిపోయింది" అనేశాను. ఏడేళ్ళ మల్లేశం పళ్ళెం పక్కకు నెట్టాడు. రెండో రోజూ తినలేదు. "వచ్చింది రాజేనా అక్కా? చెప్పవే" అని నా వెంటే తిరిగాడు. మూడో రోజు బడి నుంచి వచ్చి, సంగారెడ్డి లైబ్రరీలో ఈ పుస్తకం చిరగనిది దొరికిందనీ, ఆఖరి పేజీ నా కళ్ళతో చదివి వచ్చాననీ చెప్పాను. రాజు కొండ కింద ఏనుగు దిగి, మెట్లెక్కి వచ్చి, తన తలపాగా తీసి సోముడి తలకు చుట్టి, ఇకనుంచి ఈ కోట నీదే అన్నాడని చెప్పాను. మల్లేశం లేచి రెండు పళ్ళేలు అన్నం తిన్నాడు. నేను సంగారెడ్డి పోలేదు. ఆ లైబ్రరీ తలుపు ఎటువైపు ఉంటుందో కూడా అప్పటికి నాకు తెలియదు.

పుస్తకాలు మనిషిని తీర్చిదిద్దుతాయని సభల్లో శాలువా కప్పుకుని చెప్పినప్పుడల్లా చప్పట్లు కొడతారు. తీర్చిదిద్దడం ఎట్లా ఉంటుందో వాళ్ళు మా ఇంటికి వచ్చి చూడాలి. నేను పంతులమ్మనయ్యాను, పిల్లల కథలు రాసి నాలుగు ఊళ్ళకు తెలిశాను, మీ కథల ముగింపులు బాగుంటాయమ్మా అంటే సిగ్గులేకుండా నవ్వాను. మల్లేశం బొంతపల్లి దిక్కు ఒక మందుల కంపెనీలో బాయిలరు దగ్గర కాంట్రాక్టు మీద చేరాడు. పరీక్ష రాసి బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఇరవై ఆరేళ్ళయింది, ఇంకా కాంట్రాక్టే. ప్రతి దసరాకు బాయిలరుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయల దండ వేసి పూజ చేస్తారు. మేనేజరు కొబ్బరికాయ కొట్టి, ఆ చిప్ప మల్లేశం చేతిలో పెట్టి, "ఈసారి నీది పక్కా, పర్మినెంటు చేస్తం" అంటాడు. ముగ్గురు మేనేజర్లు మారారు. చిప్ప మారింది, మాట మారలేదు. వాడి వెనక చేరినవాళ్ళు వేరే కంపెనీలకు పోయి పర్మినెంటయ్యారు. వీడు మాత్రం, "మాట ఇచ్చిండు గదక్కా, సూద్దాం" అంటాడు. ఆ 'సూద్దాం' వింటే నాకు ఇప్పటికీ గోడకేసి తల కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తొమ్మిదో భాగం ఆఖరి రెండు కాగితాలు చదివాను. మెట్లెక్కి వచ్చింది రాజు కాదు, ఒక ఉప్పు వ్యాపారి. రాజు ఏడేళ్ళ కిందటే ఇంకో దేశంలో ఇంకో కోట కట్టుకున్నాడని, అంజనగిరి మాట ఆయనకు గుర్తే లేదని చెబుతాడు. సోముడు తలుపు తెరిచి చూస్తాడు, లోపల ఎవరూ లేరు. తరువాత తాళంచెవిని తలుపుకే వేలాడదీసి కొండ దిగి పోతాడు. అంతే. నలభై ఏడేళ్ళు నేను వాడికి నేర్పింది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి.

సరిగ్గా ఆ వారమే సుల్తాన్‌పూర్ నుంచి రవీందర్ ఫోన్ చేశాడు. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడు, అక్కడ వైద్య పరికరాలు చేసే ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇన్‌చార్జి. పర్మినెంటు పోస్టు, బాయిలరు తెలిసిన మనిషి కావాలి, సోమవారం పొద్దున పది గంటలకల్లా ఒరిజినల్ సర్టిఫికెట్‌తో రమ్మను మేడం అన్నాడు. మల్లేశానికి యాభై నాలుగు, ఇంకా నాలుగేళ్ళ నౌకరీ ఉంది. కొల్లూరు కాలనీలో వాడికి సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంటికి సుల్తాన్‌పూర్ దగ్గర కూడాను. నేను చెప్పాను. "సూద్దాం" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ పుస్తకం సంచిలో వేసుకుని కొల్లూరు పోయాను. మేం గడ్డి మోసుకుంటూ నడిచిన దారుల మీద ఇప్పుడు రింగురోడ్డు పరుగెడుతోంది. ఎక్కడ ఏ చెలక ఉండేదో పోల్చుకోలేక ప్రతిసారీ నాకు చిరాకు. మల్లేశం ఆ వారం రాత్రి డ్యూటీ. అప్పుడే లేచి ముఖం కడుక్కున్నాడు. మా మరదలు సుజాత వంటింట్లో కోడికూరకు మసాలా నూరుతోంది. నేను ఏమీ చెప్పకుండా ఆఖరి పేజీలు తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు తువ్వాలతో చేతులు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చి చదివాడు.

"గిదేందక్కా? రాజు రాలేదా?"

"రాలే."

"నువ్వు చదివిన దాంట్ల వచ్చిండు గదా, ఏనుగు మీద?"

"నేను చదువనేలేదురా. సంగారెడ్డికి పోనేలే. నువ్వు అన్నం తింటలేవని అల్లి చెప్పిన."

వాడు నవ్వుతాడనుకున్నాను. చిన్నప్పటి ముచ్చట కదా, నవ్వేసి సర్టిఫికెట్ తీసుకుంటాడనుకున్నాను. వాడి ముఖం ఎర్రబడింది. నా మీద కోపగించుకోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"గప్పుడంటే చిన్నోన్ని, సరే. పెద్దగైనంక చెప్పొద్దా? నౌకరిల చేరినంక చెప్పొద్దా? ప్రతి దసరకు వచ్చి ఇంకెన్నేండ్లు ఉంటవ్‌రా అని తిడ్తివి గదా. గప్పుడన్న, నేను అల్లిన ముచ్చటరా అది అని ఒక్కమాట అంటే నీదేం పోతుండె?"

సుజాత గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "ఏంది ఒదినె గీ పంచాయితి? ఆయన కథ కోసం ఆగిండా ఏంది? పిల్లల సదువులకు ఆగిండు, అత్తమ్మ దవాఖానకు ఆగిండు. కథ కోసం ఎవరన్న ఆగుతరా?"

"ఆగుతరు" అన్నాడు మల్లేశం.

పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా నేను రాసినవి చదివి బాగుంది అన్నవాళ్ళున్నారు, బాగా లేదన్నవాళ్ళున్నారు. నేను చెప్పినదాన్ని జరిగిందని నమ్మినవాడు మాత్రం వీడొక్కడే. ఆ ఒక్కణ్ణి పోగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. పంతులమ్మను, రచయిత్రిని, అక్కను, ఏది అనుకున్నా సిగ్గుచేటే. కూర తినకుండానే బస్సెక్కాను. సాయంత్రం సుజాత ఫోన్ చేసి, "సర్టిఫికెట్ డ్యూటీ బ్యాగుల పెట్టుకున్నడు ఒదినె. పొద్దుగాల ఆరింటికి దిగంగనే అటే వస్తడంట, నిన్ను గేటు కాడ ఉండుమన్నడు" అంది.

సోమవారం తొమ్మిదిన్నరకే సుల్తాన్‌పూర్‌లో ఆ కంపెనీ గేటు ముందు ఆటోలో కూర్చున్నాను. పది అయింది. వాడు లేడు. ఫోన్ చేస్తే, వెనక మోటార్ల మోతలో వాడి గొంతు సన్నగా వినబడింది.

"అక్కా, రిలీవర్ రాలే, నా జాగల నిలవడెటోడు."

"ఆరింటికే అయిపోయె గదరా నీ డ్యూటీ!"

"అయిపోయింది, రిజిస్టర్ల సంతకం గూడ పెట్టిన. కాని బాయిలర్ నడుస్తుంది. నీళ్ళ మట్టం సూసెటోడు లేకుంటే గొట్టాలు పలుగుతయ్. లోపల అరవై మంది పిల్లలు పనిచేస్తున్నరు, అంత బీహార్, ఒడిశా పోరలే. ఎట్ల విడిచి రావాలె?"

"మేనేజరుకు చెప్పినవా?"

"చెప్పిన. జెర ఆగు అన్నడు."

ఫోన్లో అరిచాను. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు. వాడి కంపెనీని తిట్టాను, ఆ రాని రిలీవరును తిట్టాను, తాళంచెవిని తలుపుకు వేలాడదీసి కొండ దిగిపొమ్మని రాసిన ఆ పుస్తకం మహానుభావుణ్ణి కూడా తిట్టుకున్నాను. ఆయన కోట లోపల ఎవరూ లేరు. అందుకే సోముడు దిగిపోగలిగాడు. ఆయనా నాలాగే కూర్చుని రాసినవాడే తప్ప, మంట ముందు నిలబడినవాడు కాదు. రవీందర్ పదకొండు దాకా ఆగాడు. తరువాత గేటు బయటికి వచ్చి, "మేడం, ఇంకొకాయన పొద్దటి సంది కూసున్నడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్, ఇగ నేను ఆపలేను" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ ఇంకొకాయనను తీసుకున్నారు.

పన్నెండున్నరకు మల్లేశం ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చాడు. యూనిఫాం మీద నూనె మరకలు, కళ్ళు ఎర్రగా. నన్ను చూసి, "తీసుకున్నరా ఇంకొకల్లను?" అన్నాడు. తలూపాను. బ్రతిమాలుదామని రవీందర్ నంబరు నొక్కబోతే, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని సంచిలో పడేశాడు. "నువ్వు అడగకు. నేనే అడుగుత." గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీ చూపించాడు. మల్లేశం కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడే మాట్లాడాడు. లోపలికి పంపారు. ముప్పావుగంట నేను ఆ ఎండలో, ఆ ఆటోలో, గోళ్ళు కొరుక్కుంటూ ఉన్నాను.

బయటికి వచ్చి, "ఈ పోస్టు పోయింది. రెండో బాయిలర్ పెడుతున్నరంట. పేరు రాసుకున్నరు" అన్నాడు.

"ఫోన్ చేస్తం అన్నరా? మళ్ళ అదే గదరా!"

"తారీఖు చెప్పుమన్న. వచ్చే నెల పదిహేను అన్నరు. కాగితం మీద రాసియ్యుమన్న, రాసిచ్చిండ్రు. పదహారు పొద్దుగాల ఫోన్ ఉన్నా లేకున్నా నేనే వస్త అని చెప్పొచ్చిన."

"అప్పటిదాక అక్కడ చేస్తవ్ గదా?"

"ఈ నెల ఆఖరు దాకనే. ఇగ నేను చెయ్య అని రాసిచ్చిన."

"రాసిచ్చినవా? ఎప్పుడు?"

"ఇటు వచ్చేముందే. రిలీవర్ వచ్చినంక."

ఇరవై ఆరేళ్ళు బయటికి రారా, బయటికి రారా అని మొత్తుకున్నదాన్ని, వచ్చేశాడని వినగానే లెక్కలు వేయడం మొదలుపెట్టాను. యాభై నాలుగేళ్ళ మనిషి, చేతిలో ఒక తారీఖు తప్ప ఏమీ లేదు. పదిహేనున వీళ్ళు కాదంటే? సుజాతకు చెప్పాడా? పిల్లలు ఏమంటారు? వాడి చేయి పట్టుకున్నాను. ఆ కాగితం వెనక్కి తీసుకోరా, ఇంకొన్నాళ్ళు ఆగు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. నా నోట్లోంచే వస్తోంది, ఏ మేనేజరూ నేర్పకుండా, అచ్చం అదే మాట. పళ్ళు బిగబట్టి దాన్ని మింగి, ఆటోలో కొంచెం జరిగి, వాడికి చోటిచ్చాను.